వాసన లేని ఫ్లాస్కు

మా ల్యాబ్ అటెండరు గాజుసామాను కడిగాక ఒక్కొక్కదాన్నీ కిటికీ వెలుగుకు ఎత్తి చూసేవాడు. ఆ తర్వాత మూతి దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చేవాడు. తియ్యటి బెంజీన్ వాసన వస్తేనే ఆయన లెక్కలో అది కడిగిన వస్తువు. రాకపోతే మళ్ళీ తొట్టిలోకి పోవాల్సిందే. తొంభైల మధ్యలో నేను మదనపల్లె డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడానికి చేరేటప్పటికే ఆయన ఆ ల్యాబులో పదిహేనేళ్ళుగా ఉన్నాడు. పుంగనూరు నుంచి రోజూ మొదటి బస్సులో వచ్చి, నేను తలుపు దగ్గరికి వచ్చేసరికి ఫ్లాస్కులూ బీకర్లూ బల్లల మీద వరసగా బోర్లించి పెట్టేవాడు. నాకంటే ముందు పనిచేసిన ఎవరో మాస్టారు ఆయనకు చెప్పారట, బెంజీన్‌తో కడిగితే గాజుకు జిడ్డన్నది ఉండదని. ఆ మాటను ఆయన గురువు ఉపదేశంలా పట్టుకున్నాడు.

ఆ రోజుల్లో మాకు బెంజీన్ ఇంట్లో కిరసనాయిలంత మామూలు. చేతికి పెయింటు అంటితే బెంజీన్, బల్లకు తారు అంటితే బెంజీన్. ఒకసారి బస్సు తలుపు గ్రీజు నా చీర కుచ్చిళ్ళకు అంటితే ఆయన దూది ముంచి తుడిచి, "సూడమ్మా, మచ్చ యాడుండాదో చెప్పు" అన్నాడు గర్వంగా. నిజంగానే మచ్చ లేదు. నేను సంతోషపడి మా ఇంట్లో వాళ్ళకు కూడా ఆ చిట్కా చెప్పాను. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివినదాన్ని, దాని సంగతి నాకన్నా తెలిసి ఉండాల్సింది.

బెంజీన్‌తో మాకు అసలు పని టమాటా ప్రాక్టికల్. పండులోని ఎరుపు నీళ్ళలో కరగదు. ఎండబెట్టిన తొక్కల పొడిని బెంజీన్‌లో నానబెడితే రంగంతా అందులోకి దిగుతుంది. దాన్ని సపరేటింగ్ ఫన్నెల్‌లో, అంటే అడుగున కుళాయి ఉన్న సన్న మూతి గాజు బుడ్డిలో, నీళ్ళతో కలిపి ఊపి నిలబెడితే రంగు పైకి తేలుతుంది, మడ్డి నీళ్ళు కిందికి దిగుతాయి. కుళాయి తిప్పి కిందివి వదిలేస్తే ఎరుపు మిగులుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అరవై మంది పిల్లలు ఒకేసారి ఆ బుడ్డీలు ఊపి, మధ్య మధ్య మూతలు తీస్తుంటే గది నిండా తియ్యటి ఆవిరి కమ్ముకునేది. మధ్యాహ్నానికి ఆడపిల్లలు నలుగురైదుగురు మెట్ల మీద తలలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. పొద్దున ఏమీ తినకుండా వస్తే తల తిరగదా అని వాళ్ళను కసిరేదాన్ని.

చేరిన నాలుగైదేళ్ళకు, వేరే పని మీద లైబ్రరీలో పాత పత్రికలు తిరగేస్తుంటే బెంజీన్ గురించి ఒక వ్యాసం కనబడింది. ముక్కు నుంచీ చర్మం నుంచీ లోపలికి పోయి, ఎముకల మూలుగలో రక్తం పుట్టే చోటునే చెడగొడుతుందని అందులో ఉంది. అప్పటికప్పుడు పత్రిక చంకలో పెట్టుకుని మా విభాగం పెద్దాయన దగ్గరికి పోయి, ఇది మానేద్దామన్నాను. ఆయన కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"ఇన్నేళ్ళుగా చేస్తాండాము. ఎవరికేమయింది చెప్పమ్మా?"

నాకు కోపం ఎక్కువ, జవాబు లేనప్పుడు మరీ ఎక్కువ. బెంజీన్ లేకుండా ఆ రంగు తీసి చూపిస్తానని, చెయ్యగలనో లేదో తెలియకుండానే శపథం చేసినంత పని చేసి వచ్చాను.

దారి మా వంటింట్లో దొరికింది. మదనపల్లెలో ధర పడిపోయిన రోజుల్లో టమాటాలు మార్కెట్ బయట రోడ్డు మీదే పారబోసి పోతారు. అలాంటి ఒక రోజు ఎవరో ఇచ్చిన బుట్టెడు పళ్ళతో పచ్చడి చేస్తున్నాను. పచ్చడి మగ్గాక నూనె పైకి తేలింది, ఎర్రగా, మిలమిల మెరుస్తూ. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. ఆ రోజే బుర్రకెక్కింది, టమాటా ఎరుపును విడదీయడానికి మా అమ్మ, అమ్మమ్మ ఏనాడూ బెంజీన్ వాడలేదని. గరిటె పట్టుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

నూనె అటెండరే తెచ్చాడు. పుంగనూరులో తెలిసిన గానుగలో ఆడించిన చెనక్కాయ నూనె. తొక్కల పొడిని గోరువెచ్చటి నూనెలో వేసి కదిపి, గుడ్డలో వడగట్టి, ఫన్నెల్‌లో నీళ్ళు పోసి నిలబెట్టాం. కాస్త ఆలస్యంగానే అయినా రంగు చక్కగా పైకి తేలింది. ఆ రంగును మళ్ళీ నూనెలోంచి విడదీసి ఎండబెట్టి చూపలేమన్నది నిజమే. కానీ డిగ్రీ పిల్లలకు విడిపోవడం అంటే ఏమిటో చూపించడానికి అది చాలు. ల్యాబంతా వంటింటి వాసన. వెనక బెంచీల పిల్లలు "మేడమ్, తాళింపు ఎప్పుడు పెడతారు?" అని నన్ను ఆటపట్టించేవాళ్ళు. మెట్ల మీద తలలు పట్టుకుని కూర్చునేవాళ్ళు మాత్రం కనబడలేదు. అది చూసి పెద్దాయన కూడా సరే కానియ్యమన్నాడు.

"ఇంక బెంజీన్ ముట్టే పని లేదన్నా" అని అటెండరుకు చెప్పాను. "పిల్లలకు మంచిది కాదు. సబ్బు పెట్టి కడుగు."

"అట్లేమ్మా" అన్నాడాయన.

మర్నాడు పొద్దున ఫ్లాస్కులు ఎప్పటిలాగే అద్దాల్లా మెరుస్తూ ఉన్నాయి. నూనె జిడ్డు ఏ మూలా లేదు. ఎలా కడిగాడో నేను అడగలేదు. పాత్రలు కడిగేవాళ్ళను ఎలా కడిగారని ఎవరడుగుతారు? మా ఇంట్లో పనిమనిషిని నేను ఏనాడైనా అడిగానా?

ఆ తర్వాతి ఏడాది కుప్పంలో కెమిస్ట్రీ అధ్యాపకుల సదస్సు జరిగింది. మా నూనె ప్రాక్టికల్ చేసి చూపించమని నన్ను పిలిచారు. మదనపల్లెలో నేను బస్సెక్కితే, పుంగనూరులో అటెండరు ఎక్కాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. గాజుసామానంతా తన పాత పంచెలో చుట్టి నా చేత సంచిలో పెట్టించాడు ముందురోజే. బస్సెక్కగానే ఆ సంచి నా దగ్గర్నుంచి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు. పెద్దపంజాణి దాటాక గతుకులొచ్చినప్పుడల్లా రెండు చేతులతో దాన్ని పైకెత్తి పట్టుకునేవాడు. కుప్పం చేరేదాకా దింపలేదు.

సదస్సులో నూనె పైకి తేలగానే చప్పట్లు కొట్టారు. నేను ఉబ్బిపోయాను. "మా ల్యాబులో ఏడాదిగా బెంజీన్ మూత తియ్యలేదు" అన్నాను మైకులో. "దానికి ఈయన కూడా కారణం" అని అటెండరును చూపించాను. ఆయన ఫన్నెల్ పట్టుకుని తల దించుకున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. వెనకనుంచి ఒకాయన లేచి, నూనె జిడ్డు ఎట్లా వదిలిస్తున్నారని అడిగాడు. సబ్బూ నీళ్ళూ అన్నాను. "మీ మదనపల్లెలో అన్ని నీళ్ళుండాయా మేడమ్?" అన్నాడాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ఎండాకాలం నీళ్ళు మరీ కరువయ్యాయి. ఊళ్ళో కుళాయి వారానికొకసారి వచ్చేది, బోర్లు ఒక్కొక్కటే ఎండిపోయాయి. ప్రాక్టికల్ పరీక్షల ముందు స్టోరు గది సర్దుదామని లోపలికి పోయి, మూలనున్న బెంజీన్ డబ్బా పక్కకు జరపబోయాను. బరువుగా ఉంటుందని ఊపిరి బిగపట్టి ఎత్తితే డబ్బా తేలిగ్గా పైకి లేచి, నేను వెనక్కి తూలాను. ఖాళీ. పక్కనున్న రెండోది కూడా సగానికి వచ్చింది. వెనక తలుపు తీసుకుని బయటికి పోయాను.

అటెండరు గోడ నీడలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందర ఎనామిల్ గిన్నె. అందులో రెండు చేతులూ మణికట్ల దాకా ముంచి ఫన్నెల్ కడుగుతున్నాడు. తియ్యటి వాసన.

"ఏంది అన్నా ఇది?" అని అరిచాను. "వద్దని చెప్పానా లేదా? సబ్బు పెట్టమని చెప్పానా లేదా?"

ఆయన కంగారు పడలేదు. ఫన్నెల్ జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టి లేచాడు.

"నీళ్ళు యాడుండాయమ్మా? దినానికి రెండు బకెట్లిస్తారు. సబ్బు పెడితే నురగ పోయేదానికే నాలుగు బకెట్లు కావల్ల. మన బోరు నీళ్ళకి గాజు మీద తెల్లగా పొర గూడా కడతాది. దీంట్లో అయితే గిన్నెడు సాలు. ఎన్ని కడిగినా జిడ్డంతా వదిలి పోతాది."

"ఎందుకు చెప్పలేదు నాకు?"

"మీరు పిలకాయలకు మంచిది కాదంటిరి. పిలకాయలు ముట్టుకోలేదు గదమ్మా. నాకేమవతాది, పాత చేతులు."

నేను ఆయన చేతుల వైపు చూశాను. పొడిబారి, గోళ్ళ చుట్టూ చర్మం తెల్లగా పగిలి ఉంది. అంతకు ముందు బెంజీన్ ప్రాక్టికల్ చేసినప్పుడు ఆ గాజుకు జిడ్డే ఉండేది కాదు, ఒకసారి కాస్త పోసి కదిపి తొలిస్తే అయిపోయేది. నా నూనె వచ్చాక ప్రతి ఫ్లాస్కూ జిడ్డే. అరవై మంది పిల్లల ముక్కుల్లోకి పోయే బెంజీన్‌ను తీసి, నేను ఈయన ఒక్కడి చేతులకు పోశాను. పైగా కుప్పంలో చప్పట్లు కొట్టించుకున్నాను.

ఆ వారం నేను చెయ్యని ప్రయత్నం లేదు. మెడికల్ షాపులో రబ్బరు గ్లౌజులు కొని ఇచ్చాను. బెంజీన్‌కు అవి ఉబ్బి, సాగి, రెండో రోజుకే చినిగాయి. బీకర్లకు తవుడు పోసి గుడ్డతో తుడిస్తే నూనె పీల్చుకుంది. అది బాగానే పనిచేసింది గానీ, సన్న మూతి ఫన్నెల్‌లోకి చెయ్యీ పోదు, గుడ్డా పోదు. ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి ల్యాబుకు ఇంకో నాలుగు బకెట్లు ఇప్పించమన్నాను. ఆయన కిటికీలోంచి హాస్టల్ వైపు చూపించాడు. ట్యాంకరు దగ్గర పిల్లలు బిందెలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"తాగేదానికే లేవు. గాజు కడిగేదానికా తల్లీ?"

ఆయన మాటలో తప్పు లేదు. అందుకే నాకు ఏడుపొచ్చింది. ఎవరి మీదన్నా కోప్పడగలిగితే నాకు కొంత నయంగా ఉండేది.

మళ్ళీ బెంజీన్ ప్రాక్టికల్‌కు పోదామా అంటే అరవై మంది పిల్లలు. నూనె కొనసాగిద్దామా అంటే ఈయన చేతులు. ప్రాక్టికలే ఎత్తేద్దామంటే అది నా చేతిలో లేదు, పరీక్షలో ఉంది. ఎటు తిరిగినా గోడే. చివరికి నేను చేసిందేమిటంటే, వానలు పడేదాకా ఇట్లాగే నెట్టుకొద్దాం, నువ్వు ఫన్నెల్సు మాత్రం బెంజీన్‌తో తొలువు, చేతులు ముంచకు అని ఆయనకు చెప్పాను. ఆయన అట్లేమ్మా అన్నాడు. అది పిరికితనం. అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.

వానలు పడలేదు. ఆ ఏడూ పడలేదు, పై ఏడూ పడలేదు. పొద్దున ల్యాబులోకి అడుగు పెట్టగానే వాసన వచ్చేది. ముంచాడా తొలిచాడా అని నేను అడిగేదాన్ని కాదు. అడిగితే ఆయన అబద్ధం చెప్పడు. నిజం చెబితే ఏం చెయ్యాలో నాకు తెలియదు.

రెండో ఏడు చివర్లో ఆయన చిగుళ్ళ నుంచి రక్తం రావడం మొదలైంది. వేపపుల్ల గుచ్చుకుందన్నాడు. తర్వాత చేతుల మీద ఎక్కడా తగలకుండానే నల్లటి కమిలిన మచ్చలు. మెట్లెక్కితే ఆయాసం. ఒకరోజు బస్సులో నిద్రపోయి, మదనపల్లె బస్టాండులో కండక్టరు తట్టి లేపేదాకా లేవలేదట. ఆ మాట ఆయన నవ్వుతూ చెబుతుంటే నాకు లైబ్రరీలోని ఆ పేజీ అక్షరం అక్షరం కళ్ళ ముందుకొచ్చింది.

మా వైపు పెద్ద జబ్బంటే వేలూరు ఆస్పత్రే. ఆయన భార్యతో పాటు నేనూ పోయాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు మూలుగ రక్తం తయారు చెయ్యడం మానేసిందని చెప్పి, ఏం పని చేస్తాడని అడిగాడు. నేనే చెప్పాను, అంతా. "ముందటి ఇరవై ఏళ్ళ వల్లనా, నా నూనె వచ్చిన ఈ మూడేళ్ళ వల్లనా?" అని కూడా నేనే అడిగాను. అది ఎవరూ చెప్పలేరన్నాడు. అసలు దానివల్లేనని కూడా రూఢిగా చెప్పలేమన్నాడు. కాదని చెబుతాడేమోనని ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డాను. ఆయన తర్వాతి ఫైలు తీసుకున్నాడు.

రక్తం ఎక్కించినప్పుడు పది రోజులు లేచి తిరిగేవాడు, మళ్ళీ మంచం పట్టేవాడు. సెలవులో ఉన్నా పుంగనూరు బస్సులో వచ్చే పిల్లల చేత కబురు పంపేవాడు, గాజు ఎవరు కడగతాండారని. నేనే కడుగుతున్నాను. తవుడు, పాత న్యూస్‌పేపరు, ఇంటినుంచి స్కూటరు మీద తెచ్చిన క్యాను నీళ్ళు. అయినా ఫన్నెల్స్ మసకగానే ఉండేవి.

ఒక ఆదివారం ఆయనను చూడ్డానికి పుంగనూరు పోయాను. క్షమించమని అడగాలని బస్సులో దారంతా మాటలు కూడబలుక్కుంటూ పోయాను. ఆయన మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు, మొహం పాలిపోయి. భార్య నాకోసం అన్నం వండి గంజి వార్చింది, వడియాలు వేయించింది. ఆ వీధిలో ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వస్తుందట. తింటానికి లేస్తే ఆమె చెంబుతో నా చేతుల మీద కొద్ది కొద్దిగా నీళ్ళు పోస్తోంది. మంచం మీంచి ఆయన అన్నాడు:

"బాగా పొయ్యి మేడమ్మకి. ఆ చేతులకి నూనె అంటుకునుంటాది, పాపం."

క్షమించమని అడగకుండానే చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాను.

తిన్నాక ఆమె వడియాలు వేయించిన బాణలి ముందరేసుకుని కూర్చుంది. అడుగున నూనె. వార్చి పెట్టిన గంజి కొంచెం వెచ్చబెట్టి అందులో పోసి, అటూ ఇటూ గుండ్రంగా తిప్పి, చేత్తో ఒకసారి రుద్ది పారబోసింది. అరచెంబు నీళ్ళతో తొలిచింది. బాణలి మెరిసింది. ఆమె వేలితో రుద్దితే కీచుమని చప్పుడొచ్చింది.

"గంజికి జిడ్డు పోతుందా అమ్మా?" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "నీళ్ళు లేనప్పుడు గంజే గదమ్మా మాకు. ఈమాత్రం ఆడోళ్ళకెవురికైనా తెలుసు."

నాకు తెలియదు. మా ఇంట్లో కుక్కరు. గంజి వార్చి ఎన్నేళ్ళయిందో, గిన్నె తోమి ఎన్నేళ్ళయిందో. నేను ప్రిన్సిపాల్‌ను అడిగాను, లైబ్రరీలో వెతికాను, మెడికల్ షాపుకు పోయాను. ఈమెను అడగలేదు. ఎవరమూ అడగలేదు.

మంచం మీంచి ఆయన కూడా బాణలినే చూస్తున్నాడు. "మరి మన ఆస్టల్లో దినమూ గంగాళాల గంజి పారబోస్తాండారే అమ్మా..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు. నేను తల వంచుకున్నాను. హాస్టల్ వంటిల్లు మా ల్యాబు వెనక తలుపు నుంచి కేక వేస్తే వినపడే దూరంలో ఉంది.

సోమవారం పోయి అడిగితే, బర్రెలకు పోను మిగిలిందని వంటమనిషి అరబకెట్ గంజి ఇచ్చింది. ఫన్నెల్‌లో వెచ్చగా పోసి ఊపాను. రెండోసారి ఊపాను. మగ్గుడు నీళ్ళతో తొలిచి కిటికీకి ఎత్తి పట్టుకుంటే ఎక్కడా మసక లేదు. ఒక్కదాన్నే ఆ గదిలో నిలబడి పెద్దగా ఏడ్చాను. ఇంత చిన్న సంగతికి, ఇన్నాళ్ళు.

ఆ వారంలోనే ఒక ఫ్లాస్కును నూనెతో జిడ్డు చేసి, గంజితో కడిగి, కుప్పానికి గాజుసామాను చుట్టి తెచ్చిన ఆయన పాత పంచెలోనే చుట్టుకుని పుంగనూరు పోయాను. ఇంక బెంజీన్ అక్కర్లేదన్నా అని చెప్పాలి. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. నాకు ఆ సంతోషం కావాలి కూడా, దాచుకోవడం ఎందుకు.

అప్పటికి ఆయనకు మాట సన్నగిల్లింది. పంచె విప్పి ఫ్లాస్కు చేతికిచ్చాను. భార్య ఆయన మోచేతిని ఎత్తి పట్టుకుంది. కిటికీ వెలుగుకు ఎత్తి చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. తర్వాత మూతి దగ్గర ముక్కు పెట్టి పీల్చాడు. దించి, నా వైపు చూసి, మళ్ళీ పెట్టి పీల్చాడు.

"వాసనే లేదు గదమ్మా" అన్నాడు, నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లగా. "ఇది సరిగ్గా కడిగినట్టు లేదు. ఈడ పెట్టిపోండి. ఒళ్ళు కుదురుకుంటే నేను కడిగి తెస్తా."

"అట్లేనన్నా" అన్నాను.

ఫ్లాస్కును మంచం పక్కన గూట్లో పెట్టి బస్సెక్కాను. పది రోజులకు ఆయన పోయాడు. దాన్ని తెచ్చుకోవడానికి నేను మళ్ళీ ఆ ఇంటికి పోలేకపోయాను.